అప్‌డేట్: జపాన్‌లో అమ్మానాన్నలకు చేప తగలని భోజనం దొరికింది

అమ్మానాన్నలు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు, జపాన్‌లో సూపుల్లోనూ సాసుల్లోనూ ఎండుచేపతో కాచే దాషి అనే రసం కలుస్తుందట, అయినా ఒక్క పూటైనా అచ్చమైన అక్కడి భోజనం పెట్టించడం ఎలా అని ఇక్కడ అడిగాను. వెళ్లొచ్చాం. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది కోయాసాన్ అనే కొండ మీది బౌద్ధ గుడిలో బస చేయమన్న సలహా. అక్కడ పెట్టేది షోజిన్ ర్యోరి, అంటే బౌద్ధ సన్యాసుల భోజనం. మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఉండవు. దాషి కొంబు అనే సముద్రపు నాచుతో కాస్తారు. బుకింగ్‌లోనే ఈ సంగతి రాసి అడిగి రూఢి చేసుకున్నాం, మీరూ అడగండి. ఎర్ర లక్క పళ్లెంలో చిన్న చిన్న గిన్నెలు, నువ్వుల తోఫు మీద చిటికెడు వసాబి, అంటే ఘాటైన పచ్చ ముద్ద. అమ్మ వసాబి పక్కకు నెట్టేసి తోఫు రెండోసారి అడిగింది! పొద్దున పూజలో నిప్పుల్లో సమిధలు వేస్తుంటే నాన్న కళ్లార్పలేదు. ఆ గుడి వాళ్లది షింగోన్ అనే బౌద్ధ శాఖ, వాళ్ల గోమ అనే ఈ అగ్నిపూజ మన హోమం నుంచి వెళ్లిందే మరి.

నేల మీద కూర్చోవాలంటే నాన్న మోకాళ్లకు కష్టమన్న టెన్షన్ అక్కర్లేకపోయింది, చెప్తే చిన్న కుర్చీ వేశారు. జేఆర్ పాస్ (జపాన్ రైల్వేస్ రైళ్లకు టూరిస్టులు కొనే పాస్) మీద ఇక్కడ జరిగిన చర్చంతా దీనికి సంబంధం లేనిది. ఓసాకా నంబా నుంచి వెళ్లేది నంకాయ్ అనే వేరే కంపెనీ రైలు, ఆ పాస్ చెల్లదు. చివర కేబుల్ కారు. కొండ మీద సుమారు 800 మీటర్ల ఎత్తు, స్వెట్టర్లు పెట్టుకోండి.