మా చెల్లిని సింగర్‌ని చేస్తామంటూ వేరే మనిషిలా చూపిస్తామంటున్నారు, ఇమేజ్ అంటే ఇదేనా?

మౌలాలి అన్న:
మా చెల్లి చిన్నప్పటి నుంచి పాడుతుంది, నాలుగేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకుంది, ఇప్పుడు సొంతంగా పాటలు రాసుకుని ఇన్‌స్టాలో పెడుతుంది. ఈ మధ్య ఒక మేనేజ్‌మెంట్ వాళ్ళు పిలిచి మూడు పాటలు చేద్దాం, వీడియోలు కూడా మేమే తీస్తాం అన్నారు. అందరం సంతోషపడ్డాం. కానీ మూడో మీటింగ్‌లో ఒక కాగితం చేతిలో పెట్టారు, ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నకి ఏం చెప్పాలో అందులో రాసుంది. సంగీతం నేర్చుకున్నట్టు చెప్పకూడదంట, వినీ వినీ వచ్చేసింది అనాలంట. మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యారు, చిన్నదో చితకదో సొంతిల్లుంది, అది వాళ్ళకి సరిపోలేదు, ఎక్కడో రేకుల ఇల్లు అద్దెకి తీసుకుని అక్కడ షూట్ చేసి అదే మా ఇల్లని చెప్తారంట. అమ్మ విని "మనింటికేమైంది?" అని ఒక్క మాట అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. రాత్రి చెల్లి అద్దం ముందు నిలబడి ఆ కాగితం బట్టీ పడుతుంటే చూడలేకపోయాను. పెద్ద పెద్ద పాప్ స్టార్లనీ ఇలాగే తయారు చేస్తారా? ఒప్పుకోకపోతే ఛాన్స్ పోతుందా?

పాత రికార్డుల పిచ్చి:
తయారు చెయ్యడం అనేది ఎప్పటి నుంచో ఉన్నదే, అందులో మంచి పని కూడా ఉంది. అమెరికాలో డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ అనే ఆయన 1959లో మోటౌన్ అనే రికార్డుల కంపెనీ పెట్టాడు, అంతకుముందు ఆయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. తన కంపెనీ సింగర్లకి నడవడం, కూర్చోవడం, పెద్దవాళ్ళతో మాట్లాడటం నేర్పడానికి మాక్సిన్ పావెల్ అనే ఆవిడని పెట్టాడు, స్టేజి మీద స్టెప్పులకి చాలీ అట్కిన్స్. నల్లవాళ్ళని చిన్నచూపు చూసే రోజుల్లో ఆ పిల్లలు తలెత్తుకుని ఏ హాల్లోకైనా వెళ్ళగలిగారంటే ఆ ట్రైనింగ్ కూడా ఒక కారణం. ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ కూడా మొదట్లో లెదర్ జాకెట్లేసుకుని తిరిగేవాళ్ళే, మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ వచ్చి సూట్లు తొడిగాడు. బట్టలు మారాయి గానీ వాళ్ళు లివర్‌పూల్ కుర్రాళ్ళన్న సంగతి ఎవరూ దాచలేదు, ఇంటర్వ్యూల్లో ఆ యాసలోనే మాట్లాడారు. మీ చెల్లికి నేర్చుకున్న చదువే దాచమంటున్నారు చూడండి, నాకు నచ్చనిది అదే. నేర్పిన గురువు ఎక్కడో కూర్చుని ఆ ఇంటర్వ్యూ చూస్తే ఎలా ఉంటుంది?

కృష్ణానగర్ లైట్లు:
అన్నా నేను షూటింగులల్ల లైట్లు పెడ్త, ఇసొంటియి మస్తు చూసిన. ఫోన్‌ల ఊరికే తీసినట్టు కనిపిస్తది సూడు, పిల్ల మంచం మీద కూసొని గిటార్ వాయిస్తది, దానికి కిటికీ అవుతల పెద్ద లైట్ పెట్టి తెల్లగుడ్డ కడ్తం, పొద్దుగాల ఎండ లెక్క రావాలని. మంచం మీద చెద్దర్ ఎంత నలగాల్నో అది సుత ఒకరు సదురుతరు. గది కిరాయిది, పిల్ల నవ్వుడు పదోసారి తీసిన టేకు. ఇది తప్పని నేనన, అందంగ చూపించుడే మా పని. గని లేని పేదరికం చూపిస్తే ఒక్క దినం ఆగదు, మీ గల్లీ పిల్లగాడే కింద కామెంట్ పెడ్తడు, గీళ్ళిల్లు నాకెర్కనే అని. అప్పుడు తిట్లు తినేది మీ చెల్లె, కంపెనీ ఫోన్ ఎత్తదు. మీ నాయిన ఇన్నేండ్లు బస్సులు రిపేర్ చేసిండు గదా, ఆయన చేతులు, మీ ఇంటి మెట్ల మీద ఆమె పాడుడు, గవే తియ్యమనున్రి. నిజంగ బాగొస్తది.

సైదాబాద్ అక్క:
అబద్ధం బయటపడితే ఎవరు మోస్తారో తెలియాలంటే మిల్లీ వానిల్లీ అనే పాప్ జంట సంగతి చదవండి. వాళ్ళకి 1990లో గ్రామీ అనే పెద్ద సంగీత అవార్డు ఇచ్చారు, రికార్డులో పాడింది వాళ్ళు కాదని అదే ఏడాది నవంబర్‌లో బయటపడింది, అవార్డు వెనక్కి తీసుకున్నారు. ప్లాన్ చేసింది నిర్మాత ఫ్రాంక్ ఫారియన్, జనం ఎగతాళి చేసింది మాత్రం ఎదురుగా కనిపించిన ఆ ఇద్దరు కుర్రాళ్ళని.

ఇంకొకటి తమ్ముడూ, ఇమేజ్ గురించి ఎంత వాదించినా చివరికి అగ్రిమెంట్‌లో ఏముందనేదే ముఖ్యం. కొరియాలో టీవీఎక్స్‌క్యూ అనే పాప్ గ్రూపులో ముగ్గురు 2009లో తమ ఏజెన్సీ మీద కోర్టుకి వెళ్ళారు, వాళ్ళది పదమూడేళ్ళ కాంట్రాక్టు. అదే ఏడాది అక్కడి ప్రభుత్వ కమిషన్ ఏడేళ్ళ హద్దు పెట్టి ఒక నమూనా కాంట్రాక్టు తెచ్చింది. కాబట్టి ఎన్నేళ్ళకి రాయించుకుంటున్నారో చూడండి, ఆ అమ్మాయి పేరు, ఇన్‌స్టా అకౌంట్, పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంటాయో చూడండి, స్టైలిస్ట్‌కీ షూట్‌కీ అయిన ఖర్చంతా తర్వాత ఆమె వాటాలోంచే పట్టుకుంటారేమో అడగండి, చాలా చోట్ల అలాగే ఉంటుంది. ఇంటర్వ్యూ కోసం తర్ఫీదు ఇస్తే మంచిదే, అడగకూడనివి అడిగితే ఎలా తప్పించుకోవాలో నేర్పుతారు. కానీ ఇది నేను చెప్పను అనే హక్కు ఆమెకి కాగితం మీద ఉండాలి. సంతకం పెట్టేముందు ఒక లాయర్‌కి చూపించండి, ఫీజు ఎంతైనా పర్లేదు.

మౌలాలి అన్న:
అందరికీ థ్యాంక్స్. నిన్న చెల్లే ఫోన్ చేసి మా టీచర్ పేరు చెప్పకుండా ఇంటర్వ్యూ ఇవ్వను అని చెప్పేసింది, కాస్త గొంతు వణికింది గానీ చెప్పింది. అది ఒప్పుకున్నారు. రేకుల ఇంటి సంగతి డైరెక్టర్‌ని అడిగి సోమవారం చెప్తామన్నారు. అగ్రిమెంట్ కాపీ అడిగితే మాత్రం ఆఫీసుకొచ్చి చదువుకుని అక్కడే సంతకం పెట్టమంటున్నారు అక్కా, ఇంటికి ఇవ్వరంట. ఇది మామూలేనా?

సైదాబాద్ అక్క:
మామూలు కాదు. కాపీ చేతికిచ్చేదాకా అటు వెళ్ళకండి.