అప్‌డేట్: అమ్మ కొత్త తుంటి కీలు నిలబడిందా?

అమ్మకు రెండోసారి తుంటి కీలు మార్చాక, గిన్నె (తొడ పైభాగపు గుండ్రని తల కూర్చునే కృత్రిమ భాగం) ఎముకలో గట్టిగా నిలిచిందో లేదో మామూలు ఎక్స్‌రేతో తెలుస్తుందా అని ఆ మధ్య అడిగాను. కొన్ని మిల్లీమీటర్లు జరిగితే తప్ప దానిలో నమ్మకంగా చెప్పలేరట.

అమ్మకు ఆపరేషన్‌లోనే గిన్నె చుట్టూ ఎముకలో టాంటలం అనే లోహపు పూసలు పెట్టారు. ఫిల్ములో ఆవగింజకన్నా చిన్న తెల్లని చుక్కలు! రెండు ఎక్స్‌రే యంత్రాలతో ఒకేసారి రెండు కోణాల్లో తీసి, ఆ చుక్కల నుంచి గిన్నె ఎంత జరిగిందో మిల్లీమీటరులో పదో వంతు వరకు లెక్కగడతారు. దీన్ని ఆర్‌ఎస్‌ఏ (రేడియోస్టీరియోమెట్రిక్ అనాలిసిస్) అంటారు. స్వీడన్‌లో గోరాన్ సెల్విక్ 1974లో వెలువరించిన పద్ధతి.

ఒకే రోజు అమ్మను బల్ల దించి, మళ్లీ పడుకోబెట్టి రెండోసారి తీశారు. నాకు కోపం వచ్చింది. కొలతలో తేడా ఎంత రావచ్చో తేల్చడానికేనని తర్వాత అర్థమైంది.

మూడు నెలలకు గిన్నె 0.6 మిల్లీమీటర్లు పైకి జరిగిందన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఏడాదికి చూస్తే అదే 0.6! మొదట్లో కాస్త కుదురుకోవడం మామూలేనని, ఆగకుండా జరుగుతుంటేనే ఆందోళన పడాలని డాక్టరు గారు చెప్పారు. రెండేళ్లకు మరోసారి తీస్తారు.

ఆపరేషన్ ముందున్నవారు పూసల సంగతి ఇప్పుడే అడగండి. తర్వాత పెట్టించుకోవాలంటే మళ్లీ కోయాల్సిందే.