చెవిలో పురుగు, చీకటి గదిలో పెయింటింగులు: ఏ సీరియల్ అండి ఇది?

వాల్తేరు వాసు:
అందరికీ నమస్కారం. ఒక పాత పీడకల విషయంలో సాయం కావాలి. 1988లోనో 89లోనో, నాకు పదేళ్లప్పుడు, పెదవాల్తేరులో అమ్మమ్మగారింట్లో ఉండేవాళ్లం. మా మావయ్య మర్చంట్ నేవీ. ఓసారి సెలవుకొచ్చినప్పుడు, అమెరికాలో ఎవరో ఫ్రెండు టీవీలోంచి రికార్డు చేసిచ్చిన క్యాసెట్ ఒకటి తెచ్చాడు. అక్కడి క్యాసెట్లు మన వీసీఆర్‌లలో ఆడవు కదా, బొమ్మ పైకీ కిందకీ దొర్లిపోతుంది, అందుకని అన్ని దేశాల క్యాసెట్లూ ఆడే మల్టీ సిస్టమ్ డెక్కు కూడా మోసుకొచ్చాడు. ఇక చూడండి, వీధిలో సగం మంది మా హాల్లోనే.

గుర్తున్నవి చెప్తాను. చీకటి గది. గాల్లో వేలాడుతున్నట్టు పెయింటింగులు. వాటి మధ్యలోంచి సూటు వేసుకున్న ఒకాయన వచ్చి, పళ్లు బిగబట్టి మాట్లాడుతున్నట్టు నాలుగు ముక్కలు చెప్పి ఒక బొమ్మ చూపిస్తాడు, కథ మొదలవుతుంది. ఒక కథలో ఎడతెగని వాన, అడవి, తెల్లదొరల బంగళా. ఒకడు ఇంకొకడి చెవిలో పురుగు వేయించబోతే అది వాడి చెవిలోకే పోతుంది. వాణ్ణి మంచానికి కట్టేస్తారు, ఒకటే అరుపులు. సరిగ్గా అక్కడే మావయ్య ఆ టేపు మీద క్రికెట్ రికార్డు చేసేశాడు. చెవి నొప్పితో అరుస్తున్న మనిషి ఉన్నట్టుండి శ్రీకాంత్ అయిపోయి, ముక్కు ఎగబీలుస్తూ బ్యాట్ పట్టుకుని నిలబడ్డాడు. ముగింపు ఈరోజుకీ తెలీదు.

ఇంకో సంగతి. అదే క్యాసెట్లో దయ్యాల కేసులు పరిశోధించే ప్రొఫెసర్ ఒకడున్నాడు, రెండు మూడు కథల్లో వాడే వచ్చాడు. ఈ ప్రొఫెసరూ ఆ పురుగూ కలిసి ఉన్న సీరియల్ ఎంత వెతికినా దొరకట్లేదు. నేనే కలిపేసుకున్నానా?

కంచరపాలెం కుర్రాడు:
అన్నా అది ఆహట్ అయ్యుంటుంది. లేదంటే జీ హారర్ షో. ఆ మ్యూజిక్ వినపడగానే మా అక్క దుప్పటి ముసుగేసేసేది.

వాల్తేరు వాసు:
జీ హారర్ షో 1993, ఆహట్ 1995 తమ్ముడూ. నాది అంతకు ముందుది, పైగా ఇంగ్లీషు. మాకేమీ అర్థమయ్యేది కాదు, మావయ్య పక్కనుంచి తెలుగులో చెప్పేవాడు. సగం సొంత కవిత్వమేమో కూడా.

పాత రీళ్లు:
నైట్ గ్యాలరీ అండి, అనుమానమే లేదు. ఆ సూటాయన రాడ్ సెర్లింగ్, అంతకుముందు ట్వైలైట్ జోన్ అనే సీరియల్ చేసినాయనే. 1969 నవంబర్‌లో అమెరికా టీవీ ఛానల్ ఎన్‌బీసీలో మూడు కథల టెలిఫిల్ముగా మొదలైంది. అందులో ఒక కథకి దర్శకుడు స్పీల్‌బర్గ్, అప్పటికి ఇరవై మూడేళ్లు కూడా లేవు! తర్వాత 1970 నుంచి 73 దాకా సీరియల్‌గా వచ్చింది. సీరియల్ పెయింటింగులు వేసింది టామ్ రైట్. మీ పురుగు కథ 1972లో వచ్చిన 'ద క్యాటర్‌పిల్లర్', జరిగేది బోర్నియో దీవిలో, చెవి పట్టుకుని అరిచేది లారెన్స్ హార్వే.

ఇక మీ ప్రొఫెసర్. మీరేమీ కలిపేసుకోలేదు, ఆ క్యాసెటే కల్తీ సరుకు. అసలు సీరియల్ మొదటి రెండు సీజన్లూ గంట గంట ఎపిసోడ్లు, ఒక్కోదాంట్లో రెండు మూడు కథలు, ఒకటి పెద్దది, ఒకటి మరీ చిన్నది. తర్వాత లోకల్ స్టేషన్లకి అమ్మేటప్పుడు అన్నింటినీ అరగంటకి కుదించారు. పెద్ద కథల్ని నరికేశారు, చిన్నవాటిని ఎక్కడెక్కడి సీన్లో తెచ్చి సాగదీశారు. అదీ చాలక, 1972లో ఏబీసీ అనే ఇంకో ఛానల్లో వచ్చి ఆగిపోయిన ద సిక్స్త్ సెన్స్ అనే వేరే సీరియల్‌ని కూడా అరగంటకి కత్తిరించి, ముందు సెర్లింగ్ చేత పరిచయ వాక్యాలు చెప్పించి, ఇందులో కలిపేశారు. ఆ సీరియల్లో హీరో ఒక ప్రొఫెసరే, గ్యారీ కాలిన్స్ వేశాడు. కథ కథకీ మనుషులు మారిపోయే షోలో ఒకే మనిషి మళ్లీ మళ్లీ ఎందుకొస్తాడు చెప్పండి? మీ పదేళ్ల బుర్ర కరెక్టుగానే పట్టుకుంది.

సెర్లింగ్ కడుపుమంట కూడా ఇదే. ట్వైలైట్ జోన్‌లో ఆయన మాట చెల్లేది, 156 ఎపిసోడ్లలో 92 ఆయనే రాశాడు. ఇక్కడ పెత్తనం నిర్మాత జాక్ లెయిర్డ్‌ది. మంచి భయంకరమైన కథ అవగానే రెండు నిమిషాల డ్రాక్యులా జోకు ఇరికించేవాడు. శ్రాద్ధ భోజనంలో మిమిక్రీ పెట్టినట్టుంటుంది. ఇప్పుడు చూడాలంటే మొదటి రెండు సీజన్లవి యాభై నిమిషాలున్న ఎపిసోడ్లే చూడండి, పాతిక నిమిషాలవి ముట్టుకోకండి. మూడో సీజన్ మాత్రం అరగంటవే, దాంతో కంగారు పడొద్దు.

ఉక్కునగరం ఉష:
ఇంత చెప్పి ముగింపు చెప్పకుండా వెళ్లిపోయారేంటి సార్? నేను చెప్పేస్తున్నా, వద్దనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి. ఆ మనిషి చావడు. రోజుల తరబడి నరకం చూశాక పురుగు రెండో చెవిలోంచి బయటికొస్తుంది. హమ్మయ్య అనుకునేలోపు డాక్టర్ దాన్ని పరీక్షించి, ఇది ఆడ పురుగు, లోపల గుడ్లు పెట్టింది అంటాడు. అంతే. రక్తం లేదు, దయ్యం లేదు, ఒక్క మాట. హాస్టల్లో అది చూసిన రాత్రి చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాను.

నిజానికి ఆ పురుగులు మెదడు తినవు లెండి, తలలో గుడ్లూ పెట్టవు, అదంతా పాత పుకారు. చెవిలోకి ఏదైనా దూరితే మాత్రం అగ్గిపుల్ల, పిన్నీసు పెట్టి కెలక్కుండా ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి.

కంచరపాలెం కుర్రాడు:
అక్కా, రాత్రి పదకొండున్నరకి చదివాను ఇది. థాంక్స్. ఇప్పుడు దూది వెతుకుతున్నా.

వాల్తేరు వాసు:
పాత రీళ్లు గారూ, ఉష గారూ, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. చదవగానే మావయ్యకి ఫోన్ చేశాను. ఇప్పుడు డెబ్బై దాటాయి, భీమిలిలో ఉంటున్నాడు. గుడ్ల సంగతి చెప్తే ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "నాకు తెల్సురా, షిప్‌లోనే చూసేశాను. పిల్లలు రాత్రిళ్లు పడుకోరని మీ అమ్మమ్మ గోల పెడితే కావాలనే దాని మీద మ్యాచ్ ఎక్కించాను" అన్నాడు.

క్యాసెట్ ఉందా అని అడిగాను. పెదవాల్తేరు ఇంట్లో అటక మీదే ఉండేదట, హుద్‌హుద్‌లో రేకులు ఎగిరిపోయినప్పుడు తడిసిపోయిందట. డెక్కు మాత్రం భద్రంగా ఉందట, ఆదివారం వచ్చి తీసుకుపొమ్మన్నాడు.