పని మీద ఫిన్లాండ్ వెళ్తున్నాను, అక్కడి కార్ల ర్యాలీని ఫొటోలు తీయడం ఎలా?

గంటస్తంభం_విజయనగరం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. కంపెనీ పని మీద జులై నెలాఖరున ఫిన్లాండ్‌లోని ఎస్పోకు వెళ్తున్నాను. ఆ రోజుల్లోనే అక్కడికి ఉత్తరాన యువాస్కులా నగరం చుట్టుపక్కల ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ పోటీ జరుగుతుందని తెలిసినప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. మిగతా రోజులన్నీ ఆఫీసుకే సరిపోతాయి కాబట్టి నా చేతిలో ఉండేది శనివారం ఒక్కటే.

నా దగ్గర ఏపీఎస్-సి సెన్సర్ కెమెరా, 70-300 జూమ్ లెన్స్ ఉన్నాయి. ఇంతవరకు తీసినవన్నీ పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, రామతీర్థం జాతర వంటివే. అక్కడ జనం ఎంత ఉన్నా తీయవలసిన దృశ్యం మెల్లగా కదులుతుంది. ఒకసారి తప్పిపోయినా సిరిమాను కోట దాకా వెళ్లి మళ్లీ మన ముందుకే వస్తుంది. ర్యాలీ కారు అలా ఆగేది కాదు కదా. ఔనిన్‌పోహ్యా వంటి అడవి స్టేజికే (మామూలు రాకపోకలు ఆపి, కార్లను ఒక్కొక్కటిగా సమయం లెక్కిస్తూ పరుగెత్తించే రోడ్డు భాగానికే) వెళ్లాలా, నగరంలో చూసుకుంటే సరిపోతుందా? షట్టర్ వేగం ఎంత పెట్టుకోవాలి? పని మీద ఇచ్చిన వీసాతో ఇలా వెళ్లడంలో చిక్కేమైనా ఉందా? మీడియావాళ్లు వేసుకునే జాకెట్ అడిగితే ఇస్తారా?

వంశధార_తీరం సమాధానం:

మాది శ్రీకాకుళం. ఉద్యోగరీత్యా కొంతకాలం టాంపెరేలో ఉన్నప్పుడు ఈ పోటీకి వెళ్లాను. ముందు మీ చివరి ప్రశ్నలకు చెప్తాను. సెలవు రోజున ప్రేక్షకుడిగా పోటీ చూడడానికి, మీ కోసం ఫొటోలు తీసుకోవడానికి షెంగెన్ వీసా అడ్డు రాదు. ఆ ఫొటోలను అక్కడ అమ్ముకుంటేనే అది వేరే వ్యవహారం అవుతుంది. మీడియా జాకెట్ ముందుగా దరఖాస్తు చేసుకున్న పత్రికలవాళ్లకే ఇస్తారు కాబట్టి ఆ ఆశ వదిలేయండి. టికెట్ కొనుక్కుని, టేపు కట్టిన గీతకు ఇవతల నిలబడి తీసినా మంచి చిత్రాలు వస్తాయి. డ్రోన్ మాత్రం పెట్టెలో కూడా పెట్టుకోవద్దు.

అసలు విషయానికి వస్తే, నా దృష్టిలో లెన్స్ కన్నా నిలబడే చోటే ముఖ్యం. 1951లో మొదలైన ఈ పోటీ కంకర రోడ్ల మీద జరుగుతుంది, అదీ ఎత్తుపల్లాలతో నిండిన రోడ్ల మీద. 2003లో మార్కో మార్టిన్ అనే డ్రైవర్ కారు ఔనిన్‌పోహ్యాలో 57 మీటర్ల దూరం గాల్లో తేలి దిగింది. 2025లో ఫిన్లాండ్ డ్రైవర్ కాల్లే రొవన్‌పెరా ఈ ర్యాలీ గెలిచినప్పుడు సగటు వేగమే గంటకు దాదాపు 130 కి.మీ. అంత వేగంలో కారు కనిపించాక కెమెరా ఎత్తితే ఏమీ మిగలదు. మిట్ట దాటాక కారు నేలను తాకే చోటుకు పక్కగా, కొంచెం ఎత్తున, మలుపు అయితే లోపలి వైపున నిలబడండి. మలుపు బయటి వైపు ఫొటోకు ఎంత బాగున్నా అక్కడికి వెళ్లవద్దు, ఎందుకంటే అదుపు తప్పిన కారు వచ్చేది అటే. 1986లో పోర్చుగల్ ర్యాలీలో ఒక ఫోర్డ్ కారు జనంలోకి దూసుకుపోయి ముగ్గురు ప్రేక్షకులు చనిపోయారు. ఆ ఏడాది చివరితో గ్రూప్ బి అనే అతి శక్తివంతమైన ర్యాలీ కార్ల వర్గాన్నే ఆపేశారు. మార్షల్ (స్టేజి దగ్గర భద్రత చూసే వ్యక్తి) వెనక్కి జరగమంటే వాదించకుండా జరగాలి.

శనివారం వెళ్తున్నారు కాబట్టి ఇంకో మాట. ఆ రోజు కార్లు అప్పటి స్థానాలకు తలకిందులుగా బయలుదేరుతాయి, అంటే ముందంజలో ఉన్నవాళ్లు తమ వర్గంలో చివర వస్తారు. మొదటి రెండు కార్లకే మెమరీ కార్డు నింపేసుకుంటే అసలువాళ్లు వచ్చేసరికి ఇబ్బంది పడతారు.

ఏడురోడ్ల_స్టూడియో సమాధానం:

నేను శ్రీకాకుళంలో పెళ్లి ఫొటోలు తీసేవాడిని. ఫిన్లాండ్ చూడలేదు, కానీ వేగంగా కదిలేవాటిని తీయడంలో సూత్రం ఎక్కడైనా ఒక్కటే. గాల్లో లేచిన కారును కదలకుండా పట్టాలంటే షట్టర్ వేగం 1/1000 సెకను కన్నా తక్కువ పెట్టవద్దు, 1/1600 అయితే ఇంకా నయం. కానీ మలుపులో పక్కనుంచి పోయే కారును కూడా అదే వేగంతో తీస్తే చక్రాలు తిరగడం ఆగిపోయి, రోడ్డు పక్కన ఎవరో నిలిపి ఉంచిన కారులా కనిపిస్తుంది. అక్కడ 1/125కు దిగి, కారుతో పాటు నడుము నుంచి పైభాగమంతా తిప్పుతూ, బొత్తం నొక్కాక కూడా ఆ తిప్పడం ఆపకుండా తీయాలి. దీన్నే ప్యానింగ్ అంటారు. చేయి కుదిరాక 1/60 ప్రయత్నించండి. ఫోకస్ నిరంతరం వెంటాడే పద్ధతిలో ఉండాలి. లెన్స్‌లో స్థిరీకరణ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉంటే దాన్ని ప్యానింగ్‌కు తగ్గ స్థానంలో పెట్టండి.

ఇది అక్కడికి వెళ్లి నేర్చుకునే విద్య కాదు. మీ ఊరి బయట జాతీయ రహదారి పక్కన, వాహనాలకు దూరంగా సురక్షితమైన చోట సాయంత్రాలు నిలబడి బైకులను తీయండి. హెల్మెట్ స్పష్టంగా వచ్చి వెనక చెట్లు గీతల్లా సాగితే మీ చేయి సిద్ధమైనట్టు. కంకర రోడ్డు అంటున్నారు కాబట్టి లెన్స్ ముందు తొడిగే హుడ్, ముందు అద్దానికి ఒక ఫిల్టర్ తప్పనిసరి. స్టేజి దగ్గర లెన్స్ విప్పనే విప్పవద్దు. లోపలికి చేరిన దుమ్ము ఆ రోజు ఫొటోలన్నిటిలో చుక్కలై కనిపిస్తుంది.

నాగావళి_నీళ్లు సమాధానం:

పై ఇద్దరి మాటలూ బాగున్నాయి గానీ నేను వేరుగా చెప్తాను. ఒక్క రోజే ఉన్నవారు అడవిలోకి వెళ్లడం దండగ. స్టేజి రోడ్లను చాలా ముందే మూసేస్తారు, తెల్లవారుజామునే బయలుదేరాలి, సొంత వాహనం లేకపోతే కష్టం. హెల్సింకి నుంచి రైల్లో యువాస్కులా చేరితే స్టేషన్ పక్కనే ఉన్న పవిల్యోంకిలో సర్వీస్ పార్కు ఉంటుంది. పోటీ మధ్యలో వచ్చిన కారును మెకానిక్‌లు నిర్ణీత సమయంలో విప్పి బిగించే తీరు, బురద మరకల ముఖంతో దిగే డ్రైవరు, ఇవి 57 మీటర్ల దూకుడు కన్నా మంచి బొమ్మలు. జాతర ఫొటోలు తీసే మీకు మనుషులే కదా అలవాటు.

గంటస్తంభం_విజయనగరం:

అందరికీ ధన్యవాదాలు. సర్వీస్ పార్కు ఆలోచన నాకు తట్టలేదు. అయితే ఆఫీసులో ఒక స్థానిక సహోద్యోగి తన కారులో అడవి స్టేజికి తీసుకెళ్తానంటున్నాడు. అలా అయితే రెండూ కుదురుతాయా? ఇక్కడి నుంచి కెమెరా తీసుకెళ్లడంలో జాగ్రత్తలు ఏమిటి?

వంశధార_తీరం:

తోడుగా స్థానికుడు, కారు ఉన్నప్పుడు అడవికే వెళ్లండి. నాగావళి గారు చెప్పిన ఇబ్బందుల్లో సగం అక్కడే తీరిపోతాయి. అక్కడ చాలా స్టేజీలను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నడుపుతారు. పొద్దున ఒకే చోట నిలబడి గాల్లో లేచే కారును తీయండి, మధ్యాహ్నం అదే స్టేజిలో మలుపుకు మారి ప్యానింగ్ చేయండి. పోటీ కార్లకన్నా ముందు 000, 00, 0 అని రాసిన కార్లు రోడ్డును పరీక్షిస్తూ వెళ్తాయి. చాలామంది వాటిని పట్టించుకోరు గానీ ఫ్రేము, ఫోకస్, వెలుతురు సరిచూసుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం ఉండదు. పైన్, బర్చ్ చెట్ల నీడ రోడ్డు మీద మచ్చలు మచ్చలుగా పడుతుంది కాబట్టి ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) 800 నుంచి 1600 దాకా పెంచడానికి వెనకాడవద్దు. ఆ రోజుల్లో రాత్రి దాదాపు 10 గంటల దాకా వెలుతురు ఉంటుంది. తిరుగు దారిలో ఓపిక ఉంటే సర్వీస్ పార్కు కూడా చూడవచ్చు.

కెమెరా ఖరీదైనదైతే దేశం దాటే విమానాశ్రయంలో కస్టమ్స్‌వారి దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు ఇది అక్కడ కొన్నదా అనే ప్రశ్న రాదు. విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి. కంపెనీ తీసిన ప్రయాణ బీమా సెలవు రోజు సొంత తిరుగుడుకు వర్తిస్తుందో లేదో బయలుదేరే ముందే మీ హెచ్ఆర్ వారిని అడగండి. కారు ఆపే చోటు నుంచి స్టేజి దాకా అడవిలో చాలా దూరం నడవాల్సి రావచ్చు కాబట్టి ట్రైపాడ్ ఇంట్లోనే వదిలేసి, ఆ బరువుకు బదులు వాన కోటు, నీళ్లు, తినడానికి ఏదైనా పెట్టుకోండి.