అప్‌డేట్: అటక మీది భోగిపళ్ళ ఫొటో

విడాకులయ్యాక పాత ఫొటోలు పాపకి చూపించాలా, అటక మీదే వదిలేయాలా అని రెండు నెలల క్రితం అడిగాను. చూపించమన్నవాళ్ళే ఎక్కువ. నాకే ధైర్యం చాల్లేదు, సంక్రాంతి దాకా ఆగాను.

భోగి రోజు ఆల్బమ్ దించాను. పాపకి మూడో ఏడు నాటి ఫొటో. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకలు, చిల్లర డబ్బులు కలిపి అత్తయ్యగారు దిష్టి తీసి తల మీద పోస్తున్నారు. పాప పీట మీద కళ్ళు గట్టిగా మూసుకుంది. పక్కనున్న ఆయన్ని అప్పట్లో కోపంతో నేనే కత్తిరించేశాను. పాప భుజం మీద చెయ్యి ఒక్కటే మిగిలింది.

"ఈ చెయ్యి నాన్నదే కదమ్మా, ఉంగరం ఉంది" అంది. ఏడుపు ఆపుకోలేకపోయాను.

అసలు ఫొటో ఉంటే పంపమని ఆ సాయంత్రం ఆయనకి మెసేజ్ పెట్టాను. పది నిమిషాల్లో వచ్చింది, ఇంకో పదకొండు ఫొటోలతో. అందులో ఒకటి అన్నవరం కొండ మీద తీసింది. విస్తరాకు పొట్లంలో ప్రసాదం, పాప బుగ్గంతా నెయ్యి. అది నేను మర్చేపోయాను. ఆ రోజు మేం ముగ్గురం నిజంగానే సంతోషంగా ఉన్నాం.

కొత్త ప్రింటు తీయించాను, పాప తన పుస్తకాల బీరువా మీద పెట్టుకుంది. అత్తయ్యగారికి ఫోన్ చేయాలనుంది. ఇంకా చేయలేదు.