శాశ్వత అయస్కాంత మోటారులో కరెంటు ఎక్కడ వృథా అవుతోంది?

నల్లగొండ ఆటో:
నాది 48 వోల్టుల బీఎల్‌డీసీ మోటారు (బ్రష్షులు లేకుండా, తిరిగే భాగమైన రోటరులో శాశ్వత అయస్కాంతాలు ఉండేది) ఉన్న ఆటో. గడియారం సెంటరు నుంచి పానగల్లుకు నలుగురిని ఎక్కించుకొని పోయేసరికి మోటారు మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది, ఛార్జింగు కూడా తొందరగా దిగిపోతోంది. బ్యాటరీలు ఈ మధ్యనే మార్చాను. విచిత్రమేమిటంటే, ఖాళీ బండి మునుపటికంటే కాస్త వేగంగానే పోతోంది.

మిర్యాలగూడ వైండింగ్:
ముందు వెనుక చక్రాలు లేపి బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూడండి. మోటారు పోయిందని నా దగ్గరికి తెచ్చిన బండ్లలో కొన్నింటికి తప్పు అక్కడే దొరికింది. అది కాకపోతే మోటారు విప్పి, పసుపు, ఆకుపచ్చ, నీలం తీగలు ఒకదానికొకటి తగలకుండా ఉంచి షాఫ్టును చేత్తో తిప్పండి. ఆగి ఆగి తిరగడం అయస్కాంత మోటారుకు సహజమే. అలా కాక, వేగం పెంచేకొద్దీ ఆముదంలో తిప్పినట్టు బరువెక్కితే లోపల వైండింగు, అంటే రాగి తీగ చుట్లు, షార్టయ్యాయని అనుమానించాలి. గరగరమంటే బేరింగు.

పాలమూరు అధ్యాపకుడు:
ఖాళీగా తిప్పి కొలిచే నష్టంలో ఇనుము నష్టమూ (మోటారు లోపలి ఇనుములో వేడిగా పోయేది) బేరింగు రాపిడీ కలిసే ఉంటాయి. అయస్కాంతాన్ని ఆపడం కుదరదు కనుక, ప్రయోగశాలల్లో అయస్కాంతీకరించని రోటరు బిగించి రాపిడిని విడిగా కొలుస్తారు. మీకు అంత దూరం పోవలసిన పని లేదు. ఇనుము నష్టం ముఖ్యంగా వేగంతో పెరుగుతుంది, రాగి నష్టం (తీగ చుట్లలో వేడిగా పోయేది) కరెంటు వర్గంతో పెరుగుతుంది. మీ మోటారేమో బరువు మీద వేడెక్కుతోంది. పైగా ఖాళీ బండి వేగం పెరిగిందంటున్నారు, అయస్కాంతం బలహీనపడితే అట్లాగే అవుతుంది కనుక నా అనుమానం దాని మీదనే. అయస్కాంతం బలం 10 శాతం తగ్గితే అదే లాగుడుకు కరెంటు 11 శాతం, రాగి నష్టం 23 శాతం పెరుగుతాయి. వేడెక్కిన రాగికి నిరోధం కూడా పెరుగుతుంది, వేడి 100 డిగ్రీలు పెరిగితే దాదాపు 39 శాతం. మోటారు చల్లారాక డ్రిల్లుతో ఒకే వేగంలో తిప్పుతూ తీగల మధ్య ఏసీ వోల్టేజి చూడండి. మూడు జతల్లో ఒకటి తేడాగా ఉంటే వైండింగు, మూడూ సమానంగా తగ్గితే అయస్కాంతం.

నల్లగొండ ఆటో:
బ్రేకులు బాగానే ఉన్నాయి, షాఫ్టు బరువెక్కలేదు. స్టాండులో మా అన్న బండికీ ఇదే రకం మోటారు కనుక, రెండింటినీ తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు అదే డ్రిల్లుతో తిప్పి చూశాము. నా దాంట్లో మూడు జతలూ సమానమే, కానీ మూడూ అన్న మోటారుకంటే తక్కువ.

మిర్యాలగూడ వైండింగ్:
అయితే రోటరు మార్చాలి, వైండింగు జోలికి పోకండి. కొత్తది బిగించే ముందు కంట్రోలరు (బ్యాటరీ నుంచి మోటారుకు కరెంటు అందించే పెట్టె) మోటారుకు తగినదేనా చూసుకోండి. ఎక్కువ కరెంటుదాన్ని ఎవరైనా పెట్టి ఉంటే, ఆ వేడికి కొత్త అయస్కాంతాలు కూడా ఇట్లాగే పోతాయి.