బడి కమిటీ ఎన్నికలో నిలబడమంటున్నారు, కాస్త దారి చెప్పండి

నమస్కారం అండీ. మాది ఆంధ్రాలో చిన్న ఊరు. మా పాప ఇక్కడే ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి. ఈసారి పేరెంట్స్ కమిటీ ఎన్నికలో నన్ను నిలబడమని తోటి తల్లులు అడుగుతున్నారు. పోయినసారి, అంటే 2024 ఆగస్టు 8న, మా బడిలో గంటలోనే అంతా అయిపోయింది. ముందే అనుకున్న పేర్లు చదివారు, మేం చేతులెత్తి ఇంటికొచ్చేశాం.

ఇప్పుడు అలా వదిలేయలేను. ఆడపిల్లల బాత్రూమ్ తలుపుకి గడియ లేదు. ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. అందుకే మా పాప బడిలో నీళ్లు తాగడం మానేసింది. సాయంత్రం సీసా తీసి చూస్తే పొద్దున పోసిన నీళ్లు పోసినట్టే ఉంటున్నాయి.

విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని, గ్రాంటు ఖర్చు చూసే బాధ్యత కమిటీదేనని తెలుసు. కానీ ఆ లెక్కలు హెడ్‌మాస్టర్‌ని ఎలా అడగాలి? నోటిమాటగా అడిగితే చాలా, కాగితం మీద రాసివ్వాలా? గొడవకి వచ్చాననుకుంటే అది పాప మీద పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. కమిటీలో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి, మీ మొదటి మీటింగ్‌లో తీర్మానం ఎలా రాయించారు?